నలుగురూ చూశారు, ఎవరూ ఆపలేదు: టెండర్ల తనిఖీలో అసలు చిక్కు ఎక్కడుంది?

మా మామూ చిన్న సివిల్ కాంట్రాక్టర్. పోయిన ఏడాది ఒక మున్సిపాలిటీలో రెండు వీధులకు సీసీ డ్రైన్ వేశాడు. పని అయిపోయింది, వీధిలోవాళ్లు వాడుకుంటున్నారు, బిల్లు మాత్రం రాలేదు. నేను బీకాం చదివాను, పైగా రిపోర్టర్‌ని కదా, ఫైలు ఎక్కడ ఆగిందో కనుక్కోమని నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లాడు.

ఇంజనీరింగ్ సెక్షన్‌లో అడిగితే, "క్వాలిటీ కంట్రోల్ రిపోర్టు రాందే ఎం-బుక్ క్లోజ్ చేయలేం" అన్నారు. క్వాలిటీ కంట్రోల్ వాళ్ల దగ్గరికి పోతే, "ముందు కొలతలు ఎక్కించి పంపమనండి, అప్పుడొచ్చి కోర్ తీస్తాం" అన్నారు. అకౌంట్స్‌లో ఇంకా సింపుల్: "ఆ రెండూ అయ్యాక రండి." బయట టీ కొట్టు దగ్గర మామూ నవ్వుతూనే అన్నాడు: "చూశావా బేటా, ముగ్గురూ కరెక్టే చెప్పారు. మరి నా పైసలేవి?"

ఆ మాట నాకు గుర్తుండిపోయింది. ఎందుకంటే మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పెద్ద పెద్ద ప్రాజెక్టుల మీద వచ్చిన కాగ్ నివేదికలు, కమిషన్ల వార్తలు చదువుతుంటే కనిపించేది కూడా ఇదే. తేడా ఒక్కటే. మామూ ఫైలు విషయంలో ఒకరి కోసం ఒకరు ఎదురుచూసి పని ఆపారు. వేల కోట్ల ఫైళ్ల విషయంలో ఒకరు చూసుంటారులే అని ఇంకొకరు అనుకుని పని ముందుకు తోశారు.

తనిఖీ చేసేవాళ్లకు కొదవ లేదు

ప్రభుత్వ కాంట్రాక్టు అనగానే మనవాళ్లు "అడిగేవాడు లేడు" అంటారు. నిజానికి అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒక సాగునీటి ప్రాజెక్టునే తీసుకోండి. ఎస్టిమేట్ వేసేది చీఫ్ ఇంజనీర్ ఆఫీసు. డిజైన్ చూసేది సీడీఓ అని పిలిచే సెంట్రల్ డిజైన్స్ ఆర్గనైజేషన్. డబ్బు సంగతి ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్. పెద్ద టెండర్లను పరిశీలించి ఒప్పుకోవడానికి కమిషనరేట్ ఆఫ్ టెండర్స్. పని మధ్యలో మార్పులొస్తే స్టేట్ లెవెల్ స్టాండింగ్ కమిటీ. పని జరుగుతుంటే క్వాలిటీ కంట్రోల్. నదుల మధ్య, రాష్ట్రాల మధ్య వ్యవహారమైతే కేంద్ర జల సంఘం. అంతా అయిపోయాక విజిలెన్స్, కాగ్.

ఉమ్మడి రాష్ట్రం ఈ విషయంలో వెనకబడి కూడా లేదు. 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలైంది. అదే ఏడాది జులైలో వచ్చిన జీవో 94 టెండర్ల పద్ధతినే మార్చింది. ఎస్టిమేట్ మీద 5 శాతం దాటి ఎక్కువ కోట్ చేస్తే ఒప్పుకోకూడదు, కాంట్రాక్టర్‌కు పని చేసే కెపాసిటీ ఉందో లేదో లెక్కగట్టాలి, ఇలా చాలా షరతులు పెట్టింది. ఇప్పటికీ ఇంజనీర్లు, కాంట్రాక్టర్లు ఆ జీవో నంబరు నోటితో చెప్తారు.

కామర్స్ క్లాసులో మాకు ఆడిటింగ్ పేపర్లో ఇంటర్నల్ చెక్ అని ఒక పాఠం ఉండేది. క్యాష్ తీసుకునేవాడు లెడ్జర్ రాయకూడదు, ఒకడి పనిని ఇంకొకడు ఆటోమేటిక్‌గా చెక్ చేసేలా పని పంచాలి. అదే పాఠంలో చివర్లో ఒక హెచ్చరిక కూడా ఉంటుంది, పరీక్షలో ఎవరూ రాయరు గానీ. పని పంచేటప్పుడు ఎవరు దేనికి జవాబుదారో రాసి పెట్టకపోతే, ఇద్దరు సంతకాలు పెట్టినా చెక్ జరిగినట్టు కాదు. మొదటివాడు "పైన ఇంకో సారు చూస్తాడులే" అనుకుంటాడు. పైవాడు "కింద చూసే పంపారుగా" అనుకుంటాడు.

మేడిగడ్డ: ముందు అగ్రిమెంటు, తర్వాత అనుమతి

2023 అక్టోబర్ 21 రాత్రి మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. ప్రాజెక్టును ప్రారంభించింది 2019 జూన్ 21న. అంటే సరిగ్గా నాలుగేళ్ల నాలుగు నెలలు. తర్వాత వచ్చిన నేషనల్ డ్యామ్ సేఫ్టీ అథారిటీ బృందం ప్లానింగ్, డిజైన్, క్వాలిటీ కంట్రోల్, నిర్వహణ, అన్నింటిలోనూ లోపాలున్నాయని రాసింది. ఆ నాలుగు మాటల్ని కాస్త ఆగి చూడండి. ప్లానింగ్ ఒక ఆఫీసు పని, డిజైన్ ఇంకో ఆఫీసు, క్వాలిటీ మరో ఆఫీసు, నిర్వహణ మళ్లీ వేరే. ఒక్కచోట తప్పు జరిగితే రెండోచోట దొరకాలి కదా? దొరకలేదు. ఆ తర్వాత మూడు బ్యారేజీల్లోనూ నీళ్లు నిల్వ చేయకుండా గేట్లు తెరిచి ఉంచాల్సిన పరిస్థితి వచ్చింది.

2024 ఫిబ్రవరిలో తెలంగాణ అసెంబ్లీ ముందుకొచ్చిన కాగ్ నివేదికలో ఒక అంకె ఉంది. కాళేశ్వరం డీపీఆర్‌కు కేంద్ర జల సంఘం ఆమోదం రాకముందే 17 పనులు కాంట్రాక్టర్లకు అప్పగించేశారు. వాటి విలువ 25 వేల కోట్లు పైచిలుకు. మేడిగడ్డ దగ్గర శంకుస్థాపన 2016 మే నెలలో జరిగింది. జల సంఘం సలహా కమిటీ ఓకే అన్నది 2018 జూన్‌లో. ఈ రెండేళ్ల మధ్యలో జల సంఘం "వద్దు, స్థలం మార్చండి" అని ఉంటే ఏం చేసేవాళ్లు? అప్పటికే కాంక్రీటు పడిపోయింది. అగ్రిమెంట్లు అయిపోయాయి, మొబిలైజేషన్ అడ్వాన్సులు అయిపోయాయి. ఇలాంటప్పుడు పరిశీలన అనేది పెళ్లయ్యాక పిల్లవాడి గురించి ఎంక్వైరీ చేసినట్టు ఉంటుంది.

ఇంకో లెక్క కూడా కాగ్ చెప్పింది. డీపీఆర్‌లో ప్రాజెక్టు ఖర్చు 81,911 కోట్లు. అసలు ఖర్చు 1,47,427 కోట్లు దాటొచ్చని కాగ్ అంచనా. రూపాయి పెడితే రూపాయిన్నర లాభం వస్తుందని చూపించిన చోట, అర్ధ రూపాయి చిల్లర మాత్రమే వస్తుందని కాగ్ లెక్క తేల్చింది. ఈ లెక్క వేయడానికి కాగ్ దగ్గర మంత్రదండమేమీ లేదు. ప్రభుత్వ కాగితాలతోనే వేసింది. అవే కాగితాలు టెండర్‌కు ముందు ఫైనాన్స్ టేబుల్ మీద కూడా ఉన్నాయి. కాకపోతే ఫైనాన్స్ చూసేది "డబ్బులున్నాయా, అప్పు పుడుతుందా" అని. "ఈ పని లాభమా" అని అడగడం ఎవరి డ్యూటీనో ఎక్కడా గట్టిగా రాసి లేదు.

జస్టిస్ పీసీ ఘోష్ కమిషన్‌ను 2024 మార్చిలో వేశారు, 2025 జులై 31న నివేదిక వచ్చింది, ఆగస్టు చివర్లో అసెంబ్లీలో పెట్టారు, తర్వాత సీబీఐకి అప్పగించాలని ప్రభుత్వం నిర్ణయించింది. టీవీ చర్చలన్నీ ఏ నాయకుడు జైలుకు వెళ్తాడన్న దాని మీదే నడిచాయి. అది కోర్టులు తేల్చాల్సిన సంగతి, దాని గురించి నేను రాయను. నా ప్రశ్న వేరే. రేపు ఇంకో బ్యారేజీ ఫైలు కదిలితే, అదే దారిలో అవే టేబుళ్ల మీదుగా పోదా? ఆ దారిలో ఏం మార్చారు?

పోలవరం: ఉత్తరం రాశారు, ఆపే చేయి లేదు

ఆంధ్రా వైపు కథ ఇంకా విచిత్రం. పోలవరం 2014 విభజన చట్టంతో జాతీయ ప్రాజెక్టు అయింది. డబ్బు కేంద్రానిది. 2016 సెప్టెంబర్ నుంచి కట్టే బాధ్యత రాష్ట్రానిది. మధ్యలో చూసేందుకు కేంద్రం పెట్టిన సంస్థ పోలవరం ప్రాజెక్ట్ అథారిటీ. డిజైన్లకు జల సంఘం, దానితో పాటు డ్యామ్ డిజైన్ రివ్యూ ప్యానెల్.

2018లో టెండర్ పిలవకుండా, పాత రేట్లకే నామినేషన్ పద్ధతిలో హెడ్‌వర్క్స్ పనులు ఒక కంపెనీ చేతికి ఇచ్చారు. 2019లో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం వేసిన నిపుణుల కమిటీ ఎక్కువ చెల్లింపులు జరిగాయని చెప్పింది. జులై చివర్లో ఆ కంపెనీని తప్పుకోమని నోటీసు ఇచ్చారు. ఆగస్టు 16న పోలవరం అథారిటీ రాష్ట్రానికి ఉత్తరం రాసింది: ఇప్పుడు మళ్లీ టెండర్లకు వెళ్లకండి, ఆలోచించండి అని. వారం తిరక్కుండానే హైకోర్టు జలవిద్యుత్ కాంట్రాక్టు రద్దుపై స్టే ఇచ్చింది. సెప్టెంబర్‌లో రివర్స్ టెండర్ అయిపోయింది. పాల్గొన్నది ఒక్క కంపెనీ. దాదాపు 628 కోట్లు మిగిలాయని ప్రభుత్వం చెప్పింది. అక్టోబర్ చివర్లో హైకోర్టు స్టే ఎత్తేసింది.

628 కోట్లు మిగలడం మంచిదే కదా, అంటారు. కాగితం మీద మంచిదే. కానీ ఖాతాలో ఒక వైపే రాస్తే బ్యాలెన్స్ షీట్ కాదు. గోదావరి వరదలకు డయాఫ్రమ్ వాల్ దెబ్బతిన్నది. కాఫర్ డ్యామ్‌లు పూర్తి చేయకుండా వాల్ కట్టడం తప్పని ఒక పార్టీ అంటుంది. మధ్యలో కాంట్రాక్టర్‌ను మార్చి కాఫర్ డ్యామ్‌ల గ్యాపులు పూడ్చకపోవడం తప్పని ఇంకో పార్టీ అంటుంది. 2024లో అమెరికా, కెనడా నుంచి నలుగురు నిపుణులు వచ్చి చూసి, కొత్త వాల్ కట్టాలన్నారు. 2025 జనవరి 18న ఆ పని మొదలైంది. ఖర్చు సుమారు 990 కోట్లు. మిగిలిందన్న 628 కోట్ల పక్కన ఈ అంకె పెట్టి చూడండి. ఒకదాని వల్లే ఇంకొకటి జరిగిందని నేను అనడం లేదు. అది ఇంజనీర్లు తేల్చాలి. నేను అనేది ఒక్కటే: 2018లో నామినేషన్ ఇచ్చినప్పుడు, 2019లో కాంట్రాక్టర్‌ను మార్చినప్పుడు, రెండుసార్లూ అథారిటీ ఉంది, జల సంఘం ఉంది, ప్యానెల్ ఉంది. "కాంట్రాక్టర్‌ను మారిస్తే ఈ వరద సీజన్లో కట్టడానికి ఏమవుతుంది" అన్న ప్రశ్నకు ముగ్గురూ ఒక టేబుల్ దగ్గర కూర్చుని రాతపూర్వకంగా జవాబివ్వాల్సిన నిబంధన మాత్రం లేదు. అథారిటీకి ఉత్తరం రాసే చేయి ఉంది, ఆపే చేయి లేదు.

దీని భారం ఎవరి మీద పడుతుందంటే, ముంపు మండలాల్లో పరిహారం కోసం, కాలనీ కోసం ఎదురుచూస్తున్న కుటుంబాల మీద. వాళ్లలో ఎక్కువమంది ఆదివాసీలు. ప్రాజెక్టు ఒక్కో ఏడాది వెనక్కి జరిగితే, కాంట్రాక్టర్‌కు ఎస్కలేషన్ ఉంటుంది. చింతూరు, కూనవరం వాళ్లకు ఎస్కలేషన్ క్లాజ్ ఎవరు రాశారు?

జడ్జి గారిని పెట్టారు, తీసేశారు

2019లోనే ఆంధ్రప్రదేశ్ ఒక కొత్త చట్టం చేసింది. 100 కోట్లు, ఆపైన ఉన్న ఇన్‌ఫ్రా టెండర్లన్నీ పిలవకముందే హైకోర్టు జడ్జి స్థాయి వ్యక్తి ముందు పెట్టాలి. జ్యుడీషియల్ ప్రివ్యూ అన్నారు. టెండర్ కాగితాలు వారం రోజులు జనం ముందు వెబ్‌సైట్‌లో ఉంచాలి. ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు. తర్వాత ఎనిమిది రోజుల్లో జడ్జి తేల్చాలి. ఆయన చెప్పిన మార్పులు డిపార్ట్‌మెంట్ చేయాలి. జస్టిస్ బి. శివశంకరరావు గారు మొదటి బాధ్యత తీసుకున్నారు.

నాకు ఇందులో రెండు విషయాలు నచ్చాయి. ఒకటి, గడువు రాసి పెట్టారు. మన ఆఫీసుల్లో తనిఖీ అంటే ఎప్పటికి అయితే అప్పటికి అన్నట్టు ఉంటుంది. పదిహేను రోజులు అంటే పదిహేను రోజులు. రెండోది, జనం ముందు పెట్టడం. ఫలానా మెషిన్ సొంతంగా ఉన్నవాడే అర్హుడు అని ఒక్కడికి కొలిచి కుట్టిన షరతు ఉంటే, పోటీ కంపెనీవాడే పట్టుకుని చెప్తాడు. ఆ పని ఏ విజిలెన్స్ కన్నా వాడే బాగా చేస్తాడు.

నచ్చనిది కూడా ఉంది. ఆ పరిశీలన టెండర్ పిలవడానికి ముందు మాత్రమే. అగ్రిమెంటు అయ్యాక ఐటమ్స్ మారినా, క్వాంటిటీలు పెరిగినా, గడువు పొడిగించినా అది జడ్జి గారి టేబుల్ మీదికి రాదు, స్టాండింగ్ కమిటీకి పోతుంది. డబ్బు జారిపోయేది ఎక్కువగా అక్కడే అని ఏ కాంట్రాక్టర్‌ను అడిగినా చెప్తాడు, మా మామూతో సహా. జడ్జి గారు ఒప్పుకున్న షరతులు తర్వాత పాటించారా లేదా అని కమిటీ ఆయనకు తిరిగి చెప్పే లింకు లేదు. పైగా ఒకసారి "జడ్జి చూశారు" అనగానే కింద ఇంజనీర్లకు ఒక గొడుగు దొరికినట్టయింది. చట్టం, షరతులు చూసిన సంతకాన్ని తీసుకొచ్చి డిజైన్‌కు, ఎస్టిమేట్‌కు కూడా సర్టిఫికెట్‌లాగా చూపించడం మొదలైంది.

2024 ఎన్నికల తర్వాత కూటమి ప్రభుత్వం ఆగస్టులో రివర్స్ టెండరింగ్‌ను ఎత్తేసి పాత పద్ధతికి వెళ్లింది. జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టాన్ని కూడా రద్దు చేయాలని నిర్ణయించింది. ఆలస్యం అవుతోంది, నాణ్యత దెబ్బతింటోంది అన్నది వాదన. రివర్స్ టెండరింగ్ విషయంలో ఆ వాదనలో కొంత నిజముంది. ఒక్క రూపాయి తగ్గించినవాడికే పని అంటే చివరికి ఆ రూపాయి సిమెంటులో తగ్గుతుంది. కానీ ప్రివ్యూ చట్టాన్ని మొత్తంగా తీసేయడం నాకు సరిగా అనిపించలేదు. ఇంటి తాళం సరిగా పడటం లేదంటే తాళం బాగు చేయించాలి, తలుపు పీకేస్తామా? ఎగువన ప్రివ్యూ ఉంచి, దిగువన స్టాండింగ్ కమిటీతో కలిపి ఉంటే బాగుండేది.

పక్కనున్న కర్ణాటక 2022లో 50 కోట్లు దాటిన టెండర్లకు రిటైర్డ్ జడ్జితో కమిటీ వేసింది. కాంట్రాక్టర్లు కమీషన్ల గోల బయటపెట్టాక వచ్చిన కమిటీ అది. అయితే అక్కడ దానికింద ఒక పునాది ఉంది: 1999 నాటి ప్రొక్యూర్‌మెంట్ పారదర్శకత చట్టం. తమిళనాడులో 1998 నుంచే ఉంది. టెండర్ తిరస్కరిస్తే అప్పీలు ఎక్కడికి పోవాలో ఆ చట్టాల్లో రాసి ఉంటుంది. కర్ణాటక చట్టం పేరు మన పాఠకులు 2025లో వేరే సందర్భంలో విన్నారు. చిన్న కాంట్రాక్టుల్లో 4 శాతం కోటా సవరణను గవర్నర్ రాష్ట్రపతికి పంపింది ఆ చట్టం మీదే. దేశం మొత్తానికి ఒక చట్టం తేవాలని 2012లో లోక్‌సభలో బిల్లు పెట్టారు. 2014లో సభతో పాటే అదీ పోయింది. కాబట్టి చాలా చోట్ల జీవోలతోనే బండి నడుస్తోంది. జీవోను ఇంకో జీవో కొట్టేస్తుంది, ప్రభుత్వం మారితే జీవో మారుతుంది.

మరి ఏం చేయొచ్చు? కొత్త కమిటీ వేయమని మాత్రం నేను అడగను. ఉన్నవాళ్లు చాలు. ఒక పెద్ద పనికి మొదటి రోజే ఒక షీట్ తయారు చేసి ఎస్టిమేట్, డిజైన్, డబ్బు, షరతులు, నాణ్యత, ఒక్కోదానికి ఒక్క ఆఫీసు పేరే రాయాలి. రెండు పేర్లు రాస్తే ఎవరూ చూడరు. ఎవరు "వద్దు" అంటే ఫైలు ఆగిపోతుందో, ఎవరిది సలహా మాత్రమేనో ముందే తేలాలి. పోలవరం అథారిటీ ఉత్తరంలాంటిది సలహానా, ఆర్డరా అని కోర్టుకెళ్లాక వెతుక్కోకూడదు. సాంకేతిక అనుమతి రాకముందు అగ్రిమెంటు అయితే పేమెంటు బిల్లు ట్రెజరీలో తనంతట తానే ఆగాలి. ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ ఇరవై ఏళ్ల నుంచి ఉంది, ఒక లాక్ పెట్టడం పెద్ద టెక్నాలజీ కాదు. కాంట్రాక్టర్‌ను మధ్యలో మార్చాలంటే డిజైన్ చూసినవాళ్లు, డబ్బు చూసినవాళ్లు కలిసి సంతకం పెట్టిన నోట్ ఉండాలి, ఆ నోట్ వెబ్‌సైట్‌లో ఉండాలి. ఆలస్యం అవుతుందని భయపడేవాళ్లకు జవాబు ఆ పదిహేను రోజుల గడువులోనే ఉంది.

ఇదంతా మనకెందుకు అనిపించొచ్చు. మన పిల్లలు చదివే గురుకులం బిల్డింగు, ఏరియా ఆసుపత్రిలో ఇచ్చే మాత్ర, ఇంటి ముందు డ్రైనేజీ, అన్నీ ఇలాంటి ఫైళ్లలోంచే వస్తాయి. మన బస్తీల్లో సెంట్రింగ్, రాడ్ బెండింగ్, పెయింటింగ్ పనులు చేసేవాళ్లు ఎంతమందో చెప్పక్కర్లేదు. పై ఫైలు ఆగితే వాళ్ల వారం కూలీ ఆగుతుంది. పై ఫైలు తప్పుగా కదిలితే, బిల్డింగు కింద చదివేది వాళ్ల పిల్లలే.

ఇది రాస్తుండగా మామూ ఫోన్ చేశాడు. కొలతలు ఎక్కించారట, ఎం-బుక్ కదిలిందట. నేను ముబారక్ చెప్పబోతుంటే ఆపాడు. క్వాలిటీ కంట్రోల్‌లో ఉన్న ఏఈ బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన, పాతాయన తీసిన కోర్ రిజల్ట్ తనకు సంబంధం లేదు, మళ్లీ తీయాలన్నాడట. "డ్రైన్ మీద ఇప్పటికి మూడు చిల్లులు పడ్డాయి బేటా," అన్నాడు మామూ, "అవి పూడ్చే సిమెంటు ఎవరి ఖాతాలో రాయాలో అది కూడా కనుక్కో."